చిటికెనవేలి సందు

నేను ఒక ప్లాస్టిక్ పట్టీని. వేలెడు వెడల్పు, జానెడున్నర పొడవు. ఒక కొసన చిన్న కిటికీ ఉంటుంది. రెండో కొసను అందులోంచి లాగి పిల్లల ఎడమ జబ్బకు చుడతారు. కిటికీలో ఆకుపచ్చ కనబడితే పిల్ల బాగున్నట్టు. పసుపైతే కనిపెట్టుకుని ఉండాలి. ఎరుపైతే ఆస్పత్రికి పంపాలి. నాకు తెలిసిన విద్య ఇంతే.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో తెలియదు. ఒకే అచ్చు కింద వేలమందిమి పడ్డాం. కట్టలుగా అట్టపెట్టెల్లోకి వెళ్ళాం. నేనున్న పెట్టె శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో, అంగన్‌వాడీ కేంద్రంలో విప్పారు. టీచరు పేరు గౌరీశ్వరి. నన్ను సబ్బునీళ్ళతో కడిగి మేకుకు తగిలించేది.

ఆ ఊళ్ళో కూలి చేసుకునే దాలమ్మ కూతురు నీలవేణికి రెండేళ్ళు దాటినా నడక రాలేదు. గౌరీశ్వరి నన్ను ఆ పిల్ల జబ్బకు చుట్టింది. ఎరుపు. విప్పి మళ్ళీ చుట్టింది. ఎరుపే.

"దాలమ్మా, గుంటని టౌన్ ఆస్పత్రిలో సేర్పించాలే. రెండు వారాలు నువ్వూ ఆడే ఉండాల. తిండి ఆళ్ళే పెడతారు."

"ఇటికిల బట్టీకి ఎల్లే టయిమిది టీచరమ్మా. మాయన ఒక్కడూ ఏటి సేస్తాడు?"

"బట్టీ ఎక్కడికీ పోదే. గుంట పోద్ది."

దాలమ్మ పిల్ల జబ్బను వేళ్ళతో తడిమి చూసింది. తర్వాత, "సరే, సీటీ రాయమ్మా" అంది.

చీటీ రాసేలోపు సూపర్‌వైజరు ప్రమీల వచ్చింది. మర్నాడు మండల పరిషత్తు సమావేశం. అక్కడ గోడకు తెర కట్టి, ఏ ఊళ్ళో ఎన్ని ఎరుపులున్నాయో వేస్తారు. ఎరుపున్న ఊరి టీచరు లేచి నిలబడాలి. ఎందుకుందని సభ్యులు అడుగుతారు. పిల్ల పేరేమిటని అడగరు.

"మండలం మొత్తానికి ఒక్కటే ఎరుపు. అదీ నీ దగ్గరే. పిల్ల చెయ్యి తెగేలా బిగించావా ఏంటమ్మా?"

"నేదు మేడం. రెండుపాళ్ళు సూశాను."

"ఇలా ఇవ్వు."

ప్రమీల నన్ను చుట్టింది. చుట్టేటప్పుడు తన చిటికెనవేలు నాకూ పిల్ల జబ్బకూ మధ్య పెట్టింది. పసుపు వచ్చింది. "చూశావా" అంది. వేలు తీసేసింది. ఆమె అబద్ధమాడలేదు. కనబడిందే చెప్పింది.

పసుపు పిల్లకు ఆస్పత్రిలో మంచం ఇవ్వరు. చీటీ రాయలేదు. మర్నాడు తెర మీద ఎరుపు గడిలో సున్నా పడింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. నేను గౌరీశ్వరి ఒళ్ళో సంచిలో ఉన్నాను. సంచి కదిలింది. ఆమె కూడా కొట్టింది.

బట్టీకి రైలెక్కే రోజు దాలమ్మ పిల్లనెత్తుకుని చెప్పిపోవడానికి వచ్చింది. గౌరీశ్వరి మేకు మీది నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది.

"వారానికోపాలి సుట్టు. మద్దిన యేలు పెట్టకు. ఎరుపొస్తే ఆ ఊరి సెంటర్లో సూపెట్టు."

"ఆ యేలు నానూ సూశాను టీచరమ్మా. పెద్దోరు కదా అని ఊరుకున్నాను."

"నానూ అందుకే ఊరుకున్నానే."

బట్టీ హైదరాబాద్ అవతల ఉంది. అక్కడ వారమంతా అన్నం క్యారేజీ మూత ఊడకుండా నన్ను కట్టేవారు. ఆదివారం విప్పి పిల్లకు చుట్టేవారు. మొదటి ఆదివారం ఎరుపు. దాలమ్మ పిల్లనీ నన్నూ తీసుకుని ఆ ఊరి కేంద్రానికి నడిచింది. అక్కడి టీచరు యాదమ్మ నా కిటికీలోకి చూసింది, పిల్లను చూసింది.

"చెల్లె, ఈ పిల్లను నా లెక్కల ఎక్కిస్తే రేపు మీటింగుల నేను నిలబడాలె. రోజు తీస్కరా. గుడ్డు పెడ్త, పాలిస్త. కొలువుమని మాత్రం అడగకు."

దాలమ్మకు ఆ మాటల్లో సగమే అర్థమైంది. గుడ్డు అర్థమైంది.

పిల్ల రోజూ గుడ్డు తింది. చలికాలమంతా ఎరుపే. మామిడికాయలొచ్చే రోజుల్లో ఒక ఆదివారం కిటికీలో పసుపు కనబడింది. దాలమ్మ నన్ను విప్పి, బిగువుగా లాగి మళ్ళీ చుట్టింది. పసుపే. ఆమె చుట్టూ చూసింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. మొగుడు దూరంగా పచ్చి ఇటుకలు తిరగేస్తున్నాడు. నన్ను క్యారేజీకి కట్టి తనూ పనిలోకి వెళ్ళింది.

తొలకరికి ఊరొచ్చారు. దాలమ్మ అన్నం క్యారేజీతో సహా కేంద్రానికి వెళ్ళింది. నీలవేణి గుమ్మం పట్టుకుని లోపలికి నడిచింది. గౌరీశ్వరి కొత్త పట్టీతో కొలిచింది. పసుపు. పక్కనే ఉన్న ప్రమీల ఫోనులో పాత లెక్క తీసింది.

"వెళ్ళేటప్పుడూ పసుపే, ఇప్పుడూ పసుపే. ఈ పిల్లలో మార్పే లేదు గౌరీశ్వరీ. రేపు మీటింగులో అడిగితే ఏం చెప్తావు?"

గౌరీశ్వరి దాలమ్మ వైపు చూసింది. దాలమ్మ ప్రమీల చేతి వైపు చూసింది.

"ఏటీ సెప్పను మేడం" అంది గౌరీశ్వరి. "నిలబడతాను."

నా రంగులు బట్టీ ఎండకు వెలిసిపోయాయి. ఎరుపెక్కడ ఆగుతుందో, పసుపెక్కడ మొదలవుతుందో నాకే తెలియదు. ఇప్పుడు నన్నెవరూ పిల్లల జబ్బలకు చుట్టరు. దాలమ్మ కూలికి వెళ్ళేటప్పుడు నాతో క్యారేజీ మూత కడుతుంది. బిగించి కడుతుంది. వేలు పట్టే సందు ఉండదు.