నలభైమూడో పేజీ

మధ్యాహ్నం కాకముందే ఆమె బొటనవేలు రెండు చోట్ల తెగింది. బైండింగు గదిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు పొద్దుటినుంచీ ఒకటే పని చేస్తున్నారు. కుట్టుపనై, అట్టలు కూడా వేసిన, క్రైస్తవ మతబోధ నేర్పే జ్ఞానోపదేశం పుస్తకాల్లోంచి నలభైమూడో పేజీని బ్లేడుతో కోసి తీసేయాలి. వేలెడు అంచు మిగల్చాలి. దానికి జిగురు రాసి కొత్త పేజీ అతికించాలి. పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. ఆదివారంలోగా పుస్తకాలు గుడికి చేరాలని ప్రెస్సు యజమాని ఊపిరి సలపనివ్వడం లేదు.

దేవుడి మాటకి కూడా అచ్చుతప్పులుంటాయా అని పక్కనున్న ముసలామె అంటే అందరూ నవ్వారు. వేలు తెగినామె కూడా నవ్వబోతూ చేతిలోని పాత పేజీ చదివింది.

జ్ఞానస్నానం పొందక చనిపోయిన పసిబిడ్డలకు పరలోకం లేదు. వారిని పవిత్రభూమిలో పాతిపెట్టరాదు.

కొత్త పేజీ తీసి చూసింది. అటువంటి బిడ్డలను హద్దులేని దేవుని దయకు అప్పగిస్తున్నామని ఉంది. పాత మాట ఏమైందో ఒక్క ముక్కా లేదు.

పందొమ్మిదేళ్ళ కిందట ఆమెకి పుట్టిన ఆడపిల్ల గంటసేపే బతికింది. జ్ఞానస్నానానికి ఫాదర్‌ని పిలిచే వ్యవధి కూడా లేకపోయింది. వడ్రంగి అయిన భర్త తన చేతులతోనే చిన్న పెట్టె చేశాడు. సంఘపెద్ద అయిన భర్త అన్న శ్మశానం గేటుకి అడ్డంగా నిలబడి ఈ వాక్యాలే చదివి వినిపించాడు. పెట్టెను గోడ అవతల, బండ్లు తిరిగే చోట పాతారు. ఆమెకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. బిడ్డ ఎక్కడో చీకట్లో ఉందనే ఇన్నేళ్ళూ నమ్మింది. దేవుడి మాట కదా అని ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

పని దిగి తిన్నగా ఫాదర్ దగ్గరికి వెళ్ళింది. ఫాదర్ చిన్నవాడు, ఈమధ్యే వచ్చాడు. కుర్చీ వేసి ఓపిగ్గా చెప్పాడు. గ్రంథంలో దీని గురించి సూటిగా ఏమీ లేదట. లేనిచోట మనుషులే ఆలోచించి పూరించారట. ఒక కాలంలో ఒకాయన కఠినంగా చెబితే, తర్వాత ఇంకొకాయన మెత్తబరిచాడట. ఒప్పుకోనివాళ్ళు విడిపోయి వేరే గుడి కట్టుకుంటే, వాళ్ళలో వాళ్ళకీ మళ్ళీ పడలేదట. సత్యం మారదని, మన అవగాహనే పెరుగుతుందని అన్నాడు.

"మాకు తెలీదని ఆరోజు అనుంటే సరిపోయేది కదండీ," అందామె. "తెలుసన్నారు."

ఆయన లేచాడు. బీరువాలోంచి పాత ఫాదర్ రాసుకున్న దినచర్య పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. బిడ్డను శ్మశానం లోపల ఒక మూల పాతిపెట్టవచ్చని చెప్పాననీ, పెద్దలు ఒప్పుకోలేదనీ, సంఘం చీలిపోతుందని ఊరుకున్నాననీ అందులో ఉంది.

ఆదివారం ఆమె ముందు వరసలో నిలబడితే బిడ్డకోసం ప్రార్థన చేస్తానన్నాడు ఫాదర్. నేర్పింది తప్పని అందరిముందూ చెబుతారా అని ఆమె అడిగింది. ఆ మాట అనే అధికారం తనకి లేదన్నాడు.

ఇంటికొచ్చేసరికి బావగారు కాగితంతో కూర్చుని ఉన్నాడు. కొత్త పేజీ ఒప్పుకోనివాళ్ళంతా ఆదివారం నుంచి ధాన్యం గోడౌనులో వేరుగా కూడుకుంటారట. ఆ బిడ్డ తల్లే పాత మాట మీద నిలబడి సంతకం పెడితే ఇంకెవరూ నోరెత్తరని అన్నాడు.

పాత ఫాదర్ లోపల పాతమన్నారట, నిజమేనా అని అడిగింది.

ఆయన కాగితం మడతపెట్టి, మళ్ళీ విప్పాడు. "ఇవాళ ఈ పేజీ తప్పంటే, ఆరోజు నేను చేసిందేమిటమ్మా?"

"అది మీరే చెప్పాలి బావగారూ. నేను సంతకం పెట్టను."

ఆయన వెళ్ళిపోయాక ఆమె భర్తవైపు తిరిగింది. అతను గోడకేసి చూస్తున్నాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు. "అన్నయ్యతో తెగిపోతుందని..."

ఆమె ఏడవలేదు. ఒక పళ్ళెంలోనే అన్నం పెట్టుకుని, తిని, చేయి కడుక్కుంది. అతన్ని తినమని అనలేదు.

ఆదివారం పొద్దున గుడిలో గంట మోగింది. కొంచెం తేడాతో గోడౌను వైపునుంచి గంటకి బదులు ఇనుప పట్టాను కొడుతున్న చప్పుడు వినిపించింది. భర్త ఉతికిన చొక్కా తొడుక్కుని ఎటు పోవాలో తెలియక గదిలో నిలబడ్డాడు. ఆమె తెగిన వేలికి గుడ్డ మార్చుకుంటూ చాపమీదే కూర్చుంది.

"ఎవరినైనా తప్పయిందని ముందు అనమను," అంది. "తర్వాత వస్తాను."

అంతలో ఎవరో తలుపు తట్టారు. ఏ పక్షంవాళ్ళో తెలియలేదు. అతను రెండడుగులు వేసి, ఆగి, ఆమెకేసి చూశాడు. మళ్ళీ తట్టారు. ఆమె లేవలేదు.