తొలి చప్పట

కుర్చీ వీపు, తర్వాత చేతులు, చివరికి ఆసనం. ఆదెప్ప తడిగుడ్డ ఈ క్రమాన్ని ఎన్నడూ తప్పి ఎరుగదు. అల్ అజీజియా దగ్గరి ప్రదర్శన మైదానంలో తూర్పువైపు నీలం కుర్చీలన్నీ అతని ఏలుబడిలోనివి. శుక్రవారం ఉదయపు ఎండ అప్పుడే ప్లాస్టిక్‌ను కాల్చడం మొదలుపెట్టింది. బక్కపలచని మనిషి, నెరిసిన మీసం, ముందుకు వంగిన భుజాలు. ఎవరైనా ఒకసారి చూసి వెంటనే మరచిపోగల ముఖం. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టుంటాయి: చేటంత అరచేతులు, పొట్టి వేళ్లు, కదిరి వైపు వేరుశనగ చేలల్లో మొద్దుబారి ఖతార్ ఫినాయిలులో నునుపు తేలిన చర్మం. ఆ చేతుల పుణ్యమా అని అతడింకా ఈ దేశంలో ఉన్నాడు. అతనికి ఇప్పుడు లోకంలో అన్నిటికంటే భయం కలిగిస్తున్నవీ ఆ చేతులే.

పూర్వం రాజాస్థానాల్లో వందిమాగధులుండేవారు. ఆ పవిత్ర బాధ్యతను మన కాలంలో శుభ్రత కాంట్రాక్టు కంపెనీలు స్వీకరించాయి. మైదానం ఊడవడం, మంచినీళ్లు అందించడంతో పాటు, అక్కడ ప్రదర్శనలిచ్చే డ్రమ్ముల దళం ఆడే రోజున ఖాళీ కుర్చీలు కనబడకుండా మనుషులను కూర్చోబెట్టడం కూడా ఆదెప్ప కంపెనీ ఒప్పుకున్న పనుల్లో ఒకటి. పొద్దున తుడిచిన కుర్చీలో సాయంత్రం ఉతికిన చొక్కాతో కూర్చోవాలి. దానికి పేరు ఆడియన్స్ డ్యూటీ. ఆ డ్యూటీలో తూర్పు బ్లాకుకు ఆదెప్ప ప్రథమ కరతాళకుడు. అతని చప్పట టపాకాయలా పేలుతుంది. అది పేలితే బ్లాకు పేలుతుంది, బ్లాకు పేలితే మైదానం పేలుతుంది.

ఈ విద్య అతనికి కొత్తదేమీ కాదు. కుర్రతనంలో సభలున్నప్పుడల్లా లారీ ఎక్కించి తీసుకుపోయేవారు. నాయకులు మారారు, జెండాలు మారాయి, లారీ మాత్రం మారలేదు. ఎవరు మాట్లాడినా ఆదెప్ప సమదృష్టితో చప్పట్లు కొట్టాడు. ప్రజాస్వామ్యానికి అంత నిష్పక్షపాతంగా సేవ చేసినవాడు ఆ మండలంలో మరొకడు లేడు.

డ్రమ్ముల దళం కూడా మొదట్లో అతనికి అర్థమయ్యేలాగే ఉండేది. తెల్ల చేతితొడుగులు, తిన్నని వరుసలు, చివర ఒక పెద్ద ‘ధణ్’, ఆపైన సెల్యూట్. ఎప్పుడు కొట్టాలో పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. తర్వాత దళం జ్ఞానమార్గం పట్టింది. యూనిఫారాలు పోయి ఈకలొచ్చాయి. ఈకలు పోయి నల్లని జుబ్బాలొచ్చాయి. ప్రతి ప్రదర్శనకు ఒక తాత్పర్యం ఏర్పడింది. ముత్యాల వేటగాడి కల అన్నారు, ఇసుక ఊపిరి అన్నారు. ఆ ఇసుక ఊపిరి నాడే ఘోరం జరిగింది. డ్రమ్ములు హఠాత్తుగా ఆగితే అయిపోయిందనుకుని ఆదెప్ప కొట్టాడు. మైదానమంతా కొట్టింది. ఆగింది ఆట కాదు, ఊపిరట. రెండో ఊపిరి పీల్చవలసిన దళం వరుస తప్పింది. పడమటి బ్లాకులో ఇలాగే తప్పు కొట్టిన రఫీ ఆ మరుసటి నెలలోనే ఇంటికి పోయిన సంగతి అందరికీ తెలుసు.

“క్యా ఆదెప్పా, హాతులు తయ్యారేనా?”

సూపర్‌వైజర్ హమీదుద్దీన్. హైదరాబాదు మనిషి, కంపెనీ ఇచ్చిన ఎర్రటోపీ నెత్తిన లేకుండా ఎవరూ చూడలేదు.

“తయారే సార్.”

“సునో. నేను టోపీ తీస్తేనే కొట్టాలె. టోపీ తియ్యకుంటే మాఫీ చప్పట్లు, ఒక్కటి గూడ కొట్టద్దు. సమజైందా? అరవై దాటినోన్ని కంపెనీ ఉంచదు మియా. ఈ హాతులు కావాలె అని చెప్పి నిన్ను నేనే ఉంచిపిచ్చిన. ఈసారి గలత్ అయితే నా చేతుల ఏం లేదు. ఖల్లాస్.”

“అట్లే సార్. టోపీ తీసినంక కొట్టల్ల.”

మధ్యాహ్నం మెసైమీర్‌లోని కార్మికుల క్యాంపుకు చేరి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ భార్యకు ఫోన్ చేశాడు. ఆంజనమ్మ గొంతులో ఎప్పటిలాగే తొందర ఉంది.

“ఈ పొద్దు ఆటుండాదా?”

“ఉండాది.”

“మీ ఆయన దుబాయిలో ఏం పని జేస్తాడని పక్కింటామె అడిగె. చప్పట్లు కొడతాడని చెప్తే నగదా?”

“దుబాయి కాదే, ఖతారు. అయినా… ఒకేళ నేను వచ్చేస్తేనో?”

అవతల కుక్కర్ కూత వేసింది.

“వచ్చి ఏం జేస్తావయ్యా ఈడ?” అన్నది ఆంజనమ్మ. కోపంగా కాదు, తెలుసుకుందామనే.

చేను ఎప్పుడో బీడైంది. సెలవుకు పోయిన ప్రతిసారీ మూడోనాటికల్లా తాను ఇంట్లో చుట్టమై, ఎక్కడ కూర్చుంటే ఎవరికి అడ్డమో అని గోడ వెంబడి తిరిగేవాడు. ఇక్కడ కనీసం ఒక కుర్చీ ఉంది, చేతులకొక పదవి ఉంది. అది పోతే తానేమవుతాడు? ఇస్త్రీపెట్టె చొక్కా మీదే మరచిపోబోయి ఉలిక్కిపడి తీశాడు.

మగ్రిబ్ నమాజు ముగిశాక బస్సు మైదానం చేరింది. పక్క కుర్చీలో జగిత్యాల పోశన్న. ముందు వరుసలో, మదీనత్ ఖలీఫా నుంచి సకుటుంబంగా విచ్చేసిన ఇంజనీరు సుధాకరరావు. ఆయన ఏ ప్రదర్శనకైనా వస్తాడు, ఏదీ అర్థం కాదు, అందుచేత చివరలో మెడ తిప్పి తూర్పు బ్లాకు వైపు చూస్తాడు. బ్లాకు ఆదెప్పను చూస్తుంది, ఆదెప్ప టోపీని చూస్తాడు, టోపీ కింది హమీదుద్దీన్ వేదిక దగ్గరి పెద్దమనుషుల ముఖాలు చూస్తాడు. ఆ పెద్దమనుషులు జనం చప్పట్లను బట్టి ముఖం పెడతారు. రసాస్వాదన అనే మహాచక్రం ఇలా తిరుగుతూ ఉంటుంది.

“గా టోపీనే గట్ల చూస్తున్నవేందే అన్నా?” అన్నాడు పోశన్న.

“బయమైతాందప్పా.”

“భయమెందుకు? పోయినసారి గాళ్లు నడుమ ఊపిరి ఆపిన్రు. ఈసారి ఏం ఆపుతరో చూద్దాం.”

ఈసారి తాత్పర్యం ‘మరచిన మైదానం’. దళం వచ్చింది; డ్రమ్ములు రాలేదు. నల్ల జుబ్బాల మనుషులు ఉత్త చేతులతో గాలిని వాయించసాగారు. పుల్లలు లేవు, చప్పుడు లేదు. జనం ముందు నవ్వారు, తర్వాత దగ్గారు, ఆపైన ఒక్కొక్కరే ఫోన్లు పైకెత్తారు. ఆదెప్ప కళ్లు ఎర్రటోపీని వదలలేదు. అప్పుడు దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

టోపీ లేదు. హమీదుద్దీన్ లేడు. తన చేతులు కూడా తనకు కనబడటం లేదు. ఇది ఆటా, ముగింపా, కరెంటు పోవడమా? ఎంతసేపైనా ఏమీ కాలేదు. కొట్టాలా? ఎవరూ కొట్టకపోతే తప్పు ఎవరిది?

హఠాత్తుగా పడమటి నుంచి చప్పట్లు హోరుమన్నాయి. పడమటి బ్లాకు ముందుగా కొట్టేసింది! తూర్పు వెనకబడింది! తొందరపాటుకు ఒక శిక్ష అయితే ఆలస్యానికి ఇంకెంత శిక్షో అన్న భయం అతని మెదడును దాటి సరాసరి అరచేతుల్లోకి దిగింది. ఆదెప్ప లేచి నిలబడి కొట్టాడు. బ్లాకు లేచింది. సుధాకరరావు లేచాడు. మైదానం లేచింది.

అప్పుడు పడమటి చప్పట్లు కత్తితో కోసినట్టు తెగిపోయాయి. దీపాలు వెలిగాయి. నల్ల జుబ్బాల మనుషులు చేతులు గాలిలోనే ఉంచి బొమ్మల్లా నిలబడి ఉన్నారు. ఆ చప్పట్లు స్పీకర్లలోవి. ఏనాడో వెళ్లిపోయిన ప్రేక్షకులవట. అది కథలో భాగమట. హమీదుద్దీన్ నెత్తిన ఎర్రటోపీ అలాగే ఉంది.

ఆదెప్ప కూర్చున్నాడు. కూర్చున్నాననుకున్నాడు, పోశన్న పట్టుకోకపోతే కిందపడేవాడు.

ఆట ముగిశాక హమీదుద్దీన్ వచ్చి, “సౌండ్ గుడారంల పిలుస్తున్నరు. యల్లా, నడు,” అని మాత్రమే అన్నాడు. అతను తిట్టకపోవడం ఆదెప్పను మరింత హడలగొట్టింది.

గుడారంలో వైర్ల మధ్య ఒక అమ్మాయి లేచి నిలబడింది. సుధాకరరావు కూతురు అపూర్వ. దళానికి ధ్వని కూర్చేది ఆమే.

“మొదట కొట్టింది మీరేనా అంకుల్?”

“తప్పయిపాయె మేడం. చీకట్లో టోపీ కానరాల్యా…”

“తప్పేంటి అంకుల్, అద్భుతం! మా డైరెక్టరుకు ఒళ్లు గగుర్పొడిచిందట. మేం పెట్టినవి ఎక్కడివో పాత చప్పట్లు, రేకు డబ్బాలా ఉన్నాయి. మీవి అసలైనవి. ఇప్పుడు మాకోసం కొంచెం రికార్డు చేస్తారా? మా నాన్నగారు కూడా మీరు కొడితేనే కొడతారు, తెలుసా?”

ఆదెప్పకు సగమే అర్థమైంది. తాను బతికాడన్న సగం. కళ్లలో నీళ్లు తిరిగాయి. హమీదుద్దీన్ వెంటనే బ్లాకు అంతటినీ మైకు ముందు నిలబెట్టి, వీణ్ణి కనిపెట్టింది తానేనని రెండుసార్లు చెప్పాడు. మొదటి చప్పటకే అపూర్వ చెయ్యెత్తి ఆపింది. అతని కుడిచేతి రాగి కడియం కొట్టినప్పుడల్లా చిన్నగా మోగుతోంది. ఆదెప్ప దాన్ని లాగి, బల్ల మీద పెట్టాడు.

ఆపైన కొట్టాడు. ఆశ్చర్యపు చప్పట్లు, అభిమానపు చప్పట్లు, అర్థమైనవాళ్ల చప్పట్లు, అర్థమైనట్టు నటించేవాళ్ల చప్పట్లు. ఆమె ఏది అడిగితే అది ఇచ్చాడు. టోపీ చూడనక్కరలేదు. తొందర లేదు, ఆలస్యం లేదు. పుట్టి బుద్ధెరిగాక భయం లేకుండా అతడు చప్పట్లు కొట్టింది ఆ అరగంటే. అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

“చాలంకుల్,” అంది అపూర్వ నవ్వుతూ. “ఇకమీద ఎప్పుడు కొట్టాలా అని మీకు టెన్షన్ ఉండదు. అంతా కంప్యూటరే చూసుకుంటుంది.”

బస్సులో అందరూ అతని వీపు తట్టారు. పోశన్న ఒక్కడే తట్టలేదు.

“అన్నా, నాకొక్కటి సమజైతలేదు,” అన్నాడు చివరికి. “అన్ని తీర్ల చప్పట్లు గాళ్లకు ఇచ్చి వస్తిమి. ఇగ మనమెందుకే?”

ఆదెప్ప కందిన అరచేతులు రెంటినీ తొడల కింద దాచుకున్నాడు.

కంపెనీకి ఆ చేతుల అవసరం తీరిపోయి అతడు విమానమెక్కిన రోజు గురించి చెప్పుకోవడానికేమీ లేదు. పోశన్న డ్యూటీలో ఉన్నాడు. హమీదుద్దీన్ క్యాంపు గేటు దాకా వచ్చి, చెయ్యి కలిపి, “ఏం చేస్తం మియా,” అని, చప్పట్ల కోసం కాకుండా తొలిసారి టోపీ తీశాడు. ఆదెప్ప చేతులు అలవాటుగా దగ్గరికొచ్చి, మధ్యలో ఆగి, నమస్కారమయ్యాయి.

తర్వాతి ప్రదర్శనలో తూర్పు కుర్చీల మీద పొడవాటి గుడ్డ పరిచి, దాని మీద ఎడారి బొమ్మ వేశారు. చివరలో సుధాకరరావు మెడ తిప్పి చూశాడు. ఎవరూ లేరు. అయినా అక్కడినుంచే, ఆయనకు బాగా పరిచయమైన ఒక చప్పట టపాకాయలా పేలింది, వెనకాలే హోరు. ఆయన నిశ్చింతగా లేచి కొట్టాడు.

సౌండ్ గుడారంలో బల్ల మీద, స్పీకర్లకు పోయే వైర్లు చెదరకుండా వాటన్నిటినీ ఒక రాగి కడియంలో దూర్చి ఉంచారు. సన్నటి మణికట్టు మీద ఏళ్ల తరబడి ఉండి కాస్త కోలగా వంగిన ఆ కడియం, లోపలివైపు చెమటకు పచ్చబారి ఉంది.