శని పట్టిన ప్రోబు

యంత్రాల గురించి గురునాథరావుకు తెలిసిందల్లా వాటి పక్కన నిలబడి ఫొటో దిగడం. ప్రోబు అనే పరికరాన్ని తయారుచేసింది అతని కంపెనీలో ఇంజనీరు గౌరీశ్వరి. గోపాలపట్నంలో అతని వర్క్‌షాపు మేడమీద గదిలో కూర్చుని, తీగ చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి, రెండేళ్లకు దాన్ని చేతిలో ఇమిడే టార్చిలైటంత చేసింది. రొమ్ము క్యాన్సరు పాకితే ముందుగా చేరేది చంకలో ఉండే ఏదో ఒక లింఫు గ్రంథికి. రొమ్ములోకి ఎక్కించిన ఇనుప రేణువుల మందూ అక్కడికే చేరుతుంది. ప్రోబు దాని మీదికి రాగానే కూస్తుంది. డాక్టరు ఆ గ్రంథిని తీసి పరీక్షకు పంపుతారు. తప్పుడు చోట కూస్తే వేరే గ్రంథి పోతుంది, క్యాన్సరు లోపలే ఉండిపోతుంది.

అందుకే ప్రోబు పనితనం చూపించడానికి వెళ్లిన ఆ ఉదయం, ఆస్పత్రి మెట్ల మీద ఆమె నోరు విప్పింది.

"సార్, ఆ ఉంగరం తీసేయండి. ఇనుము కదా, దగ్గరికొస్తే ప్రోబు కూసేస్తాది."

గుర్రపు నాడాతో చేయించిన ఉంగరం. గురునాథరావు దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"నాకు ఏలినాటి శని నడస్తంది. ఇది తీస్తే కంపెనీ మునిగిపోద్ది. సదువుకున్నావు గానీ నీకేటి తెలీదమ్మా."

శనిదేవుడికి ఈయన కంపెనీ తప్ప వేరే పనిలేదు కాబోలు అనుకుంటూ ఆమె మెట్లెక్కింది.

గదిలో సర్జన్ సూర్యకాంతమ్మ, ఆమె పక్కన పోతమ్మ ఉన్నారు. పోతమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతుంది. వచ్చే వారం ఆపరేషను ఆమెకే. పరికరాన్ని చూశాకే ఒప్పుకుంటానంది. చెక్క బల్ల మీద, ప్రోబును పరీక్షించడానికి, వంజరం చేప. దాని లోపల ఒకచోట గౌరీశ్వరి ముందే మందు చుక్క ఎక్కించి ఉంచింది.

గురునాథరావు కాలరు సర్దుకున్నాడు. ప్రోబును ఎడమచేత్తో పట్టి, ఉంగరమున్న కుడిచేత్తో చేపను అదిమాడు. ప్రోబు కుయ్‌మంది.

"సూడండి మేడమ్, మన వైజాగ్ సరుకు. ఆపరేషన్లో గూడా నానే పట్టుకుంటాను. పేపరోళ్లని పిలుద్దాం."

సూర్యకాంతమ్మ అక్కడ కోసింది. తెల్లటి కండ. అతను చెయ్యి జరిపాడు. మళ్లీ కూత, మళ్లీ కోత, మళ్లీ కండే.

"ఇగురుకి ముక్కలు కోసినట్టున్నాది," అంది పోతమ్మ. "నా సంకని గూడా ఇలాగే సేత్తారేటి బాబూ?"

"సేప గాలం ముక్క మింగుంటాది," అన్నాడతను చెమట తుడుచుకుంటూ.

రెండేళ్ల పనీ, ఆ మనిషి ప్రాణమూ ఇతని వేలికి వేలాడుతున్నాయి. గౌరీశ్వరి ప్రోబు అతని చేతిలోంచి తీసుకుని ఉంగరానికి ఆనించింది. గది దద్దరిల్లింది. అతని చెయ్యి పక్కకు తప్పించి, చేప వెంట మెల్లగా నడిపింది. తోక దగ్గర చిన్నగా కూసింది. సూర్యకాంతమ్మ కోస్తే లోపల గోధుమరంగు మందు చుక్క.

"ఉంగరం తీసి ఆ ట్రేలో పెట్టండి," అంది సర్జన్.

గురునాథరావు చెయ్యి జేబులో దాచుకున్నాడు.

"శని కదండీ..."

"అయితే శని వదిలేదాకా థియేటర్ బయటే కూర్చోండి. ప్రోబు నేను పట్టుకుంటాను. ఈ అమ్మాయి నా పక్కనుంటుంది."

"ఆ పిల్లుంటే నాను పడుకుంతాను," అంది పోతమ్మ. "ఆ బాబు గడప దాటొచ్చాడంటే మాత్రం లెగిసెల్లిపోతాను."

గురునాథరావు ఎవరి వంకా చూడకుండా చేప ముక్కల్ని కవర్లో వేసుకోసాగాడు, ఇంటికి పట్టుకెళ్లడానికి. తోక ముక్కలో మందుందని గౌరీశ్వరి చెప్పింది. దాన్నొక్కదాన్నీ తీసి బల్ల మీద పడేసి, మిగతావి మూటకట్టుకున్నాడు.