మందుల పెట్టె తాళంచెవి

"తాళంచెవి దాచింది నువ్వేగా, నువ్వే వెతుకు," అంది అక్క, పిండి డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి.

"ఎక్కడ దాచానో గుర్తుంటే నిన్నెందుకు పిలుస్తానే?" అంది అమ్మ.

అరగంటగా ఇదే గోల. మంచం మీద మోకాలు పట్టుకున్న నాయనమ్మ, "ముందు నా మాత్ర ఇచ్చి తరవాత కొట్టుకు చావండే," అంటోంది.

మాత్రేమో మందుల పెట్టెలో ఉంది. తమ్ముడు చికిత్సా కేంద్రం నుంచి వచ్చిన రోజున, అంటే మూడు నెలల కిందట, దానికి తాళం పడింది. నడుం దెబ్బకి డాక్టరు రాసిన అలాంటి నొప్పి మాత్రలే, నడుం బాగయ్యాక కూడా వాణ్ణి వదల్లేదు. అమ్మ వారానికో చోట తాళంచెవి దాచేది.

ముందు గదిలో తాళాలు బాగుచేసే కొట్టు వాడిదే. లోపలికి వచ్చి అరచేతిలో ఉన్న తాళంచెవి చూపించాడు.

"నా బోర్డు మీద నేను తగిలించని తాళంచెవి ఇదొక్కటే అమ్మా."

అమ్మ నాలిక కరుచుకుంది. "అన్నిట్లో కలిసిపోతుందనుకున్నాన్రా."

"తాళాలవాడి దగ్గరే దాచావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది నాయనమ్మ.

ముగ్గురూ నవ్వారు. వాడు నవ్వలేదు. అక్క నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఎప్పుడు చూశావు?"

"సోమవారం."

పెట్టె తియ్యలేదని చెప్పరా అని లోపల్లోపల బతిమాలుకుంది అక్క.

"మంగళవారం పెట్టె తీశాను. మాత్రలు చేతిలో పట్టుకునే కేంద్రంలో కౌన్సెలింగ్ మేడమ్‌కి ఫోన్ చేశాను. మింగలేదక్కా. కానీ మీకు చెప్పలేదు."

మంగళవారం వాడు బాగున్న తాళాలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. పని మీద ఎంత శ్రద్ధో అని అక్క మురిసిపోయింది కూడా. ఇప్పుడు కోపం ముంచుకొచ్చింది. అయినా పిండి చేత్తోనే వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పావుగా," అంది.

అమ్మ పెట్టె తెరిచి నాయనమ్మకి మాత్ర, మంచినీళ్ళు ఇచ్చింది. మిగిలిన మాత్రలు ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లోనే పట్టుకుని నిలబడింది.

"పక్కింటి నర్సు పిన్ని దగ్గర ఉంచుదాం," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "నాయనమ్మకి రోజుకొకటి ఇస్తుంది. ఎందుకో నేనే వెళ్ళి చెప్తాను. బాగయ్యాననుకుని కేంద్రంలో కౌన్సెలింగ్‌కి వెళ్ళడం మానేశాను. రేపట్నుంచి మళ్ళీ వెళ్తాను."