గన్నేరా, పొద్దుతిరుగుడా

బగారా బైంగన్ అనే వంకాయకూర ఎవరు ఎవరికి నేర్పారన్న మాట మీద రమాబాయికీ, పక్కింటి ఖుద్సియాకీ ముప్పై ఏళ్ల స్నేహం పుటుక్కున తెగింది. నేర్పింది ఎవరో దేవుడికెరుక. శిక్ష మాత్రం రమాబాయి మొగుడు సదాశివకు పడింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఇక పొరుగింటి ఛాయ్ సంగతి చెప్పాలా? రోజూ సాయంత్రం రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ మీదుగా ఖుద్సియా అందించే అల్లం ఛాయ్ ఆ రోజుతో బంద్ అయింది.

"ఏమయ్యా, గోడ పొంటి పొడుగు పూలచెట్లు పెట్టు. ఆమె మొఖం నాకు కనవడొద్దు," అంది రమాబాయి.

సదాశివ గుడిమల్కాపూర్ వెళ్లాడు. మొక్కలమ్మే కేశవ్ రెండు రకాలు చూపించాడు.

"మస్తు ఎండ ఉన్నదంటివి గద బాపూ, రెండూ బతుకుతయ్. గన్నేరయితే పదేండ్లు కదలదు. పొద్దుతిరుగుడు మనిషెత్తు పెరుగుతది గానీ మూడు నెల్లకే ఎండుతది."

పదేళ్లు ఆ ఛాయ్ లేకుండానా! సదాశివ ప్రాణం ఉసూరుమంది. పొద్దుతిరుగుడు నారే పట్టుకొచ్చాడు.

"గన్నేరు దొరకలేదా?" అంది రమాబాయి.

"గన్నేరు పప్పు విషం. ఇంట్ల ఎందుకని..." అని నీళ్లు నమిలాడు.

రమాబాయి రెండు పూటలా నీళ్లు పోసింది. మొక్కలు ఆమె పంతంతో పోటీపడి పెరిగి, రెండు నెలలకు పూశాయి. పూసిన పన్నెండూ తూర్పుకు, అంటే ఖుద్సియా ఇంటివైపుకు మొఖం పెట్టాయి. ఇటువైపు మిగిలినవి పచ్చటి వీపులే. సాయంత్రానికి తిరుగుతాయేమోనని రమాబాయి పీట వేసుకుని కూర్చుంది. ఒక్కటీ తిరగలేదు; పూర్తిగా విచ్చిన పొద్దుతిరుగుడు ఇక తూర్పు వదలదట.

గోడవతల ఖుద్సియా వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోతోంది.

మూడో రోజు రమాబాయి కొంగు బిగించింది. "నీళ్లు పోసేది నేను, సూసేది ఆమెనా?" అని చెప్పులేసుకుని పక్కింటికి నడిచింది. సదాశివ లొల్లి కోసం చెవులు రిక్కించాడు. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"బైఠో రమాబాయి. ఈడికెళ్లి మస్తు కనవడ్తయ్ నీ పువ్వులు," అంది ఖుద్సియా.

రమాబాయి కూర్చున్నట్టు కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత ఇద్దరి నవ్వులూ ఆగలేదు.

పొద్దుగూకే వేళ కాడల సందులోంచి ఛాయ్ కప్పుతో ఒక చెయ్యి వచ్చింది. గాజులు రమాబాయివి.

"మా పుట్టింటి వాకిట్ల గన్నేరే ఉండె. విషమని ఎవలన్న అన్నరా? నువ్వు ఎందుకు తేలేదో నాకెర్క లేదా?" అంది చెట్ల అవతలి నుంచి. "పట్టు, సల్లారుతది."