ఫిడేలు ఆంగస్ ఎడమ చెయ్యి

మా ఊళ్ళో ఆంగస్ గిల్లిస్ అనే పేరుతో ముగ్గురున్నారు. ఒకాయన పోస్టాఫీసులో చేశాడు కాబట్టి పోస్టు ఆంగస్. ఇంకొకాయన తాత ఎప్పుడో ఒక ఆదివారం చర్చికి బూట్లు లేకుండా వచ్చాడట. ఆ పాపానికి ఆ ఇంటి మగవాళ్ళందరూ ఈనాటికీ బూట్ల ఆంగస్, బూట్ల జాన్, బూట్ల రోరీలే. మూడో ఆయన ఫిడేలు ఆంగస్. ఆయన ఫిడేలు ముట్టుకుని తొమ్మిదేళ్ళు దాటినా పేరు మాత్రం మారలేదు. కెనడా తూర్పున ఉన్న మా కేప్ బ్రెటన్ దీవిలో ఒకసారి పేరు పడిందంటే సమాధి రాయి మీదకి కూడా అదే ఎక్కుతుంది.

ఆయన ఫిడేలు ఎందుకు మానేశాడో ఊరందరికీ తెలుసు. భార్య ఎఫీ పోయిన దిగులుతో మానేశాడు. ప్రేమంటే అదీ అని మేం ఆడవాళ్ళందరం మొగుళ్ళను దెప్పడానికి ఆయన్నే చూపించేవాళ్ళం. ఓసారి నేను అలాగే దెప్పితే మా ఆయన, "నాకు ఫిడేలు రాదు కదే, నువ్వు పోతే నేనేం మానెయ్యను?" అని అడిగాడు. "ఇప్పట్నుంచే మాట్లాడటం మానెయ్యి, చాలు" అన్నాను.

నేను ఇక్కడి ఆసుపత్రిలో చేతుల గది చూస్తాను. వల తాళ్ళలో పడి నలిగిన వేళ్ళు, రంపం కింద తెగిన నరాలు, మంచులో జారిపడి విరిగిన మణికట్లు నా దగ్గరికి వస్తాయి. కోసి కుట్టే పని హాలిఫాక్స్‌లో సర్జన్లది. ఆ కుట్టిన చేతితో మనిషి మళ్ళీ గుండీ పెట్టుకునేదాకా, కత్తి పట్టుకునేదాకా నెలల తరబడి వెంటపడే పని నాది. వేసవి వస్తే రిటైరవుతున్నాను. నా తర్వాత ఆ గదిలో కూర్చోవడానికి ఉన్నది ఒక్క ఓడెట్ దుసే. షెటికాంప్ వైపు ఫ్రెంచి పిల్ల, వయసు ముప్పై లోపే, నోరు మాత్రం నాకంటే పెద్దది. పని వచ్చు కానీ చేతుల చదువు పూర్తిగా చదవలేదు. అది టొరంటో వెళ్ళి ఒక ఏడాది నేర్చుకోవాలి. అంత ఖర్చు తన వల్ల కాదు. వెళ్ళలేకపోతే నేను దిగిపోయిన రోజునే గదికి శాశ్వతంగా తాళం పడుతుంది. తర్వాత మా వాళ్ళు వేలు నొప్పికి కూడా మంచులో హాలిఫాక్స్ దాకా కారు తోలుకుపోవాలి.

అందుకే మా ఆశంతా ఎఫీ అవార్డు మీద పెట్టుకున్నాం. ఎఫీ జీవితమంతా చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టింది. అక్కడి ఆడవాళ్ళ మణికట్లు ఎందుకు అలా దెబ్బతింటున్నాయో తేల్చడానికి ఒక ఏడు ఎవరో చిన్న గ్రాంటు ఇచ్చారు. ఆ పరిశోధన వల్లనే కత్తుల పిడులు మారాయి, ఆడవాళ్ళు రాత్రిళ్ళు నిద్రపోయారు. ఎఫీ అది మర్చిపోలేదు. పోయే ముందు, "నేను లేకపోతే ఈ చేపల పడవెందుకు నీకు? అమ్మేసి ఆ డబ్బు చేతుల చదువుకి పెట్టు" అందట. ఆంగస్ అలాగే పెట్టాడు. ఒక ఏడాది పరిశోధనకి, ఒక ఏడాది మనిషిని చదివించడానికి. ఎవరికివ్వాలో ఆయన మాటే ఆఖరు. ఈ ఏడు చదువు వంతు. ఓడెట్‌కేనని ఆయన క్రిస్మస్‌కే నాకు చెప్పేశాడు.

అవార్డు ఇవ్వడమంటే మా ఊళ్ళో పండగే. చర్చి హాల్లో చేపల సూపు, ఓట్ బిస్కట్లు, చేత్తో కుట్టిన దుప్పటి ఎవరికని లాటరీ, ఆ తర్వాత వేదిక మీద కవరు. ఆంగస్ కోటు వేసుకుని వచ్చాడు. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే జేబులో ఉంది. ఆయనతో శుక్రవారాలు పేకాట ఆడతాను, ఆ చెయ్యి అలా జేబులోనే ఉంటుంది. దర్జా అనుకున్నాను, అంతే.

ఇక్కడ నేను ఓడెట్‌కి నేర్పిన మొదటి పాఠం గురించి చెప్పాలి. ముందు చెయ్యి పట్టుకో, పేరు తర్వాత అడుగు. మా గదిలోకి వచ్చినవాళ్ళు నొప్పి లేదంటారు, బాగానే ఉందంటారు, పడవ బయల్దేరే వేళకి పంపెయ్యమంటారు. చేతిలోకి చెయ్యి తీసుకుని, తిప్పి, అరచెయ్యి తడిమితే అసలు సంగతి తెలిసిపోతుంది. కొన్నాళ్ళు చేస్తే అది అలవాటై కూర్చుంటుంది. కొట్లో చిల్లర ఇచ్చే అమ్మాయి చెయ్యి కూడా ఊరికే వదలం.

ఆంగస్ కవరు ఇచ్చాడు. పత్రిక తరఫున వచ్చిన అబ్బాయి ఫోటో కోసం కెమెరా ఎత్తాడు. ఓడెట్ సంతోషం పట్టలేక కవరు పక్కనున్న బల్ల మీద పడేసి ఆయన కుడి చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపింది. అంతలో దాని మొహం మారింది. నవ్వు ఆగిపోయింది. ఆ చేతిని మెల్లగా వెల్లకిలా తిప్పి బొటనవేలితో అరచెయ్యి తడమడం మొదలుపెట్టింది. 

"ఈ గడ్డ ఎప్పట్నుంచి పెద్దాయనా?" అంది. పక్కనే మైకు. హాలంతా వినపడింది.

"ఏ గడ్డ? వదులమ్మాయ్."

"రెండో చేతిలోనూ ఉందా? ఏదీ, చూడనివ్వండి" అంటూ జేబులోంచి ఎడమ చెయ్యి లాగేసింది.

చిటికెన వేలు, ఉంగరపు వేలు రెండూ మడిచిపెట్టినట్టు అరచేతిలోకి వంగిపోయి ఉన్నాయి. చర్మం కింది పొర తాడులా గట్టిపడి వేళ్ళను లోపలికి లాగేసే జబ్బు అది. స్కాట్లాండు నుంచి వచ్చి స్థిరపడ్డ మావాళ్ళ రక్తంలో ఎక్కువ. నొప్పి ఉండదు, అందుకే చాలామంది దాచేస్తారు.

"అయ్యో, ఇంతదాకా రానిచ్చారేంటి! ఇదిగో, ఈ బల్ల మీద చెయ్యి పరవండి. అరచెయ్యి ఆనుతుందా? ఆనదు కదూ!"

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. పోస్టు ఆంగస్‌కి ఏదైనా ఆలస్యంగా అర్థమవుతుంది, అర్థమైనది పైకి అనకుండా ఉండలేడు. "ఓరి, అది తీగెల మీద పెట్టే చెయ్యి కదా!" అన్నాడు. అందరూ ఆయన వైపు, తర్వాత ఆ వేళ్ళ వైపు చూశారు. తొమ్మిదేళ్ళుగా ఊరు చెప్పుకున్న కథ అక్కడికక్కడే కూలిపోయింది.

ఆంగస్ బల్ల మీంచి కవరు వెనక్కి తీసుకుని, కోటు లోపలి జేబులో పెట్టుకుని, వేదిక దిగి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

"నేనేం చేశాను?" అంది ఓడెట్.

"ఏం చేశావా? నీ కొంప, నా కొంప, జిల్లా మొత్తం కొంప కలిపి ముంచావు. ఆ చెయ్యి రేపు చూస్తే పోయిందా?"

"మీరే కదా ముందు చెయ్యి పట్టుకోమన్నది!"

 ఆ పిల్లని తిట్టాను గానీ, నాకు నామీదే ఒళ్ళు మండిపోయింది. వారం వారం ఎదురుగా కూర్చుని పేకముక్కలు పంచినదాన్ని నేను.

మర్నాడు పొద్దున్న కొట్లో పాల కోసం నిలబడితే వెనక ఇద్దరు గుసగుసలాడుతున్నారు. అయితే ఎఫీ కోసం మానలేదన్నమాట, మనందర్నీ ఇన్నాళ్ళు వెర్రివాళ్ళని చేశాడన్నమాట. వెనక్కి తిరిగి, "మీ చేతులు బాగానే ఉన్నాయిగా, వెళ్ళి ఏదైనా పని చేసుకోండి" అన్నాను. అక్కణ్ణించి తిన్నగా ఓడెట్‌ని ఎక్కించుకుని ఆంగస్ ఇంటికి పోయాను.

ఆయన తలుపు సగమే తీశాడు. "కట్రియోనా, నువ్వు రా. ఆ ఫ్రెంచి పిల్ల కారులో ఉంటుంది."

"మంచు కురుస్తోంది ఆంగస్."

"వాళ్ళ ఊళ్ళో కురవదా?"

"మా ఊళ్ళో గాలికి ఇళ్ళ కప్పులే లేచిపోతాయి, ఈ మంచు నాకొక లెక్కా" అంటూ ఓడెట్ నన్ను దాటుకుని లోపలికి వచ్చి బూట్లు విప్పేసింది. ఆయన పక్కకి తప్పుకున్నాడు.

వంటింట్లో పొయ్యి మీద కెటిల్ ఉంది. మా దగ్గర ఎంత కోపమొచ్చినా గడప లోపలికి వచ్చినవాళ్ళకి టీ పోయకుండా ఉండరు. కుడి చేత్తో మూడు కప్పుల్లో పోశాడు. ఎడమది జేబులోనే ఉంది. గోడ మీద ఫిడేలు పెట్టె వేలాడుతోంది, దుమ్ము లేదు.

"జనం ముందు అడగడం నా తప్పు. అడగడం తప్పు కాదు" అంది ఓడెట్.

బల్ల కింద దాని కాలు తొక్కాను.

"ఇది క్షమాపణ చెప్పడానికి వచ్చిందా, పోట్లాటకి వచ్చిందా?" అని ఆంగస్ నన్నడిగాడు.

"రెండింటికీ. దాన్ని తయారుచేసింది నేనే. తిట్టేదుంటే నన్ను తిట్టు."

ఆయన తిట్టలేదు.  కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు.

"ఎఫీకి కూడా తెలీదే. దానికి జబ్బు బయటపడిన ఏడాదే నా వేళ్ళు మొదలయ్యాయి. చెబితే ఆ పిచ్చిది తన మందులు వదిలేసి నా చెయ్యి పట్టుకుని కూర్చునేది. అందుకని జేబులో పెట్టుకున్నా. ఆఖర్లో మంచంలోంచి అడిగింది, ఆంగస్, నా పాట ఒక్కసారి వాయించవా అని. మనసు బాలేదన్నాను. సరేలే అంది. మళ్ళీ అడగలేదు." కప్పు పక్కకి జరిపాడు. "నాకు మనసు లేదనే అనుకుని పోయింది కట్రియోనా. తర్వాత మీరందరూ కలిసి నన్ను పెద్ద ప్రేమికుణ్ణి చేశారు. ఏమని కాదనను?"

నాకు ఏడుపు ఆగలేదు. అవార్డు, టొరంటో, చేతుల గది ఏవీ గుర్తు రాలేదు. మంచంలో ఉన్న ఎఫీ, జేబులో చెయ్యి దాచుకుని పక్కనే నిలబడ్డ ఈ మనిషి, వీళ్ళిద్దరే కళ్ళ ముందు కనపడ్డారు. అంత ప్రేమలోనూ ఇద్దరికీ అంత దిగులు మిగిలింది.

ఓడెట్ ఏడవలేదు. "ఆవిడ ఏ పాట అడిగారు?" అంది.

"నీకెందుకు?"

"చెప్పండి."

ఆయన చెప్పలేదు, పాడాడు. ఫిడేలు లేనిచోట నోటితోనే వరస పాడి నాట్యం చేయించే అలవాటు మా పాతవాళ్ళకుంది.  కాలు నేల మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. రెండో చరణానికి ఎడమ చెయ్యి తనంతట తానే జేబులోంచి బయటికి వచ్చి బల్ల మీద వాలింది. మంచి వేళ్ళు రెండూ లేని తీగెల మీద ఆడాయి. వంగిన రెండూ వాటి వెంట పోదామని లేవబోయి లేవలేక మళ్ళీ లేవబోయాయి. పాట అయిపోయింది.

"ఆపకండి. మళ్ళీ పాడండి" అంది ఓడెట్, బల్ల మీదకి వంగి.

"అంత నచ్చిందా?"

"పాట నేను వినలేదు. మీ ఉంగరపు వేలు చూస్తున్నా. అదింకా చచ్చిపోలేదు పెద్దాయనా, కదులుతోంది."

ఆంగస్ దాన్ని కళ్ళప్పగించి చూశాడు. తర్వాత నవ్వాడు. ఎఫీ పోయాక ఆ వంటింట్లో ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"బాగవుతుందా?" అన్నాడు.

"సర్జన్ కోసి ఆ గట్టిపడ్డది తీసేస్తాడు. వేళ్ళు లేస్తాయి. కానీ అసలు పని ఆ తర్వాతే. రాత్రిళ్ళు వేళ్ళు వంగకుండా స్ప్లింటు బద్ద కట్టాలి, రోజూ సాగదియ్యాలి, నెలల తరబడి. వదిలేస్తే మళ్ళీ వంగిపోతాయి. వేసవికి కట్రియోనా గారు రిటైరైపోతారు. నాకు ఆ పని పూర్తిగా రాదు. రానిదాన్ని వచ్చని చెప్పి మీ చేతి మీద నేర్చుకోను."

"నేర్చుకుని వస్తే?"

"మళ్ళీ మునుపటిలా వాయిస్తారని మాటివ్వలేను. మీ అరచెయ్యి ఈ బల్లకి ఆనేదాకా మాత్రం మిమ్మల్ని వదలను. తిట్టినా వదలను."

"అది నిన్ననే చూశాను" అన్నాడు ఆంగస్.

లేచి, కొక్కానికి వేలాడుతున్న కోటు జేబులోంచి కుడి చేత్తో కవరు తీశాడు. ఇవ్వబోయి ఆగాడు. కవరుని ఎడమ చేతిలోకి మార్చి, వంగిపోయిన ఆ రెండు వేళ్ళ సందున దూర్చి, బల్ల మీదుగా చాపాడు. వేళ్ళు దాన్ని గట్టిగా పట్టుకున్నాయి.

"తీసుకో. వీటికి ఈపాటి పనైనా చేతనవును" అన్నాడు. "తొందరగా నేర్చుకుని రా. ఎఫీకి నేనొక పాట బాకీ ఉన్నాను."

ఓడెట్ కవరు తీసుకుని చూడనైనా చూడకుండా నా ఒళ్ళో పడేసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. వెల్లకిలా తిప్పి, ఉంగరపు వేలి మొదట్లో బొటనవేలు ఆనించి, "ఇక్కడ నొక్కితే తెలుస్తోందా?" అని అడిగింది. ఈసారి ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.