ఎక్కడైనా సర్దుకుపోతాడు

మా హాల్లో సోఫా ఉండాల్సిన చోట గాజు తొట్టి ఉంటుంది. సోఫా బాల్కనీలో ఉంటుంది. వాన వస్తే సోఫాను లోపలికి లాగుతాం, అప్పుడు మేము బాల్కనీలో ఉంటాం. తొట్టిలో ఉండేది మావారి దొరగారు. మోచేతి పొడుగు, నలుపు మీద నిప్పురవ్వలు చల్లినట్టుండే ఒళ్లు, ఎవరినీ లెక్కచెయ్యని చూపు. వేటాడి తినే జాతి చేప. అదే జాతివి మరో రెండు ఉన్నాయిగానీ, అవి దొరగారు తిని వదిలాక తినే రకం.

చిక్కంతా ఆ వదలడం దగ్గరే వచ్చింది. దొరగారు రొయ్యను నమిలి సగం కక్కేస్తారు. ఆ ముక్కలు అడుగున చేరి కుళ్లుతాయి. ఇంటికి వచ్చినవాళ్లు "ఏదో వాసన" అంటారు, మర్యాదగా నా వైపు చూస్తూ. తొట్టి ఆయనది, వాసన నాది.

అడుగున తిరుగుతూ ఆ ముక్కలు ఏరుకుతినే క్యాట్‌ఫిష్‌ను ఒకదాన్ని వేస్తే సరిపోతుందని మావారికి ఎవరో చెప్పారట. ఏ రకం వెయ్యాలో తేల్చే పని నాకు అప్పగించారు. నేను కాలేజీలో జంతుశాస్త్రం చదివాను. ఆ చదువు ఈ ఇంట్లో అంతకుముందు బొద్దింకల విషయంలో మాత్రమే అక్కరకొచ్చింది.

మనసుపెట్టే చదివాను. తేలింది ఇంతే. ఆ లోకంలో స్నేహం, పగ అనేవి లేవు. నోట్లో పట్టేది ఆహారం, పట్టనిది పొరుగువాడు. కాబట్టి కొత్తది దొరగారి నోట్లో పట్టకూడదు, దొరగారు దాని నోట్లో పట్టకూడదు. ఎర్ర తోకతో ముచ్చటగా ఉండే రకం ఒకటుంది. మావారు దాని బొమ్మ చూసి మోజుపడ్డారు. అది ఎదిగితే దొరగారితో సరిపెట్టుకోదు, సోఫా కూడా అడుగుతుంది. అది మనతో సర్దుకుపోదని చెప్పాను. ఒంటినిండా గట్టి పలకలున్నది, జానెడుకు మించి ఎదిగినది, పాచీ ముక్కలూ తిని తన మానాన తాను పడి ఉండేది అయితే సర్దుకుపోతుందని చెప్పాను. మావారు వంతెనల కొలతలు గీసే ఆఫీసులో పనిచేస్తారు. ఇంట్లో దేన్నీ కొలవరు.

"ఇంత పరిశోధన దేనికోయ్? నీ మీసాలయ్యని వేసేస్తే పోలా," అన్నారు.

మీసాలయ్య వంటింటి కిటికీ దగ్గర చిన్న తొట్టిలో ఉంటాడు. వేలెడంత చారల క్యాట్‌ఫిష్. ఈ ఇంట్లో నాదని చెప్పుకోదగ్గ ప్రాణి వాడొక్కడే. పగలంతా కుండపెంకు వెనక దాక్కునే జాతి, మనిషి నీడ పడితే చాలు, మాయమైపోతాడు. నేను టీ చెంచాతో తొట్టి అంచు మీద టక్‌టక్‌మనిపిస్తే మాత్రం మీసాలు ఆడించుకుంటూ పైకి వస్తాడు. అంత నమ్మకం కుదరడానికి ఒక చలికాలమంతా పట్టింది.

వాడి జోలికి వెళ్లొద్దని మావారికి చెప్పాను. నవ్వుతూ చెప్పలేదు. వాడు దొరగారికి ఒక్క ముద్దకి సరిపోతాడు. పైగా ఈ జాతికి రెక్కల మొదట్లో ముల్లుంటుంది. భయపడితే ఆ ముల్లును అడ్డంగా నిలబెట్టి గడియ వేసుకుంటుంది, మింగినవాడి గొంతులో ఇరుక్కుంటుంది. ఇదంతా విడమరచి చెప్పాను.

"వాడు నీవాడు కదోయ్. నేనెందుకు ముట్టుకుంటాను," అన్నారు.

తర్వాత మా అక్కకి కంటి ఆపరేషన్ అయితే సాయానికి వెళ్లాను. మావారు ఫోన్ చేస్తూనే ఉండేవారు. ఉప్పు ఎక్కడుంది, అత్తగారి మాత్రలు ఎక్కడున్నాయి, తన బనీన్లు ఎక్కడున్నాయి. ఒకరోజు ఇవేవీ అడక్కుండా, గొంతు కాస్త తగ్గించి మాట్లాడారు.

"మీసాలయ్య సర్దుకుపోతాడంటావా?"

నేను లేక వాడు బెంగపెట్టుకుంటాడేమోనని అడుగుతున్నారనుకున్నాను. నా గుండె కరిగింది.

"వాడూ నాలాంటివాడేనండీ. ఎక్కడైనా సర్దుకుపోతాడు," అన్నాను.

ఫోన్ పెట్టేశాక అక్కకి చెప్పుకుని మురిసిపోయాను కూడా. ఇన్నేళ్లకి నాది అనుకున్నదాని మీద ఆయనకీ మమకారం పుట్టిందని. అక్క కళ్లకి కట్టు ఉంది కాబట్టి ఆవిడ నన్ను ఎలా చూసిందో తెలియలేదు.

అక్క కట్టు విప్పాక ఇంటికి వచ్చాను. సంచీ దించకుండానే వంటింట్లోకి వెళ్లాను. కిటికీ దగ్గర తొట్టిలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. కుండపెంకు బోర్లా పడి ఉంది. గిన్నెల మధ్య ఉండాల్సిన టీ చెంచా తొట్టి పక్కన ఉంది, తడిగా. అంచు మీద టక్‌టక్‌మనిపించాను. ఎవరూ రాలేదు.

హాల్లోంచి మావారి గొంతు వినిపించింది. "ఏమోయ్, వచ్చావా? తొందరగా రా. దొర చచ్చిపోయేలా ఉన్నాడు."

దొరగారు తొట్టి మూలలో ఒరిగి ఉన్నారు. నోరు తెరిచి ఉంది, మూతపడటం లేదు. నోట్లోంచి చారల తోక బయటికి వేలాడుతోంది. అది ఇంకా కదులుతోంది. మావారు ఎందుకూ పనికిరాని చిన్న వల పట్టుకుని నిలబడ్డారు. అత్తగారు స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు.

దొరగారిని తడి తువ్వాల్లో చుట్టి మావారిని పట్టుకోమన్నాను. గోళ్లు కత్తిరించే కత్తెర తెచ్చి, ఆ నోట్లోకి వేలు పెట్టి తడిమాను. ముల్లు దవడకి అడ్డంగా దిగబడి ఉంది. ఎముకంత గట్టిది. కత్తిరిస్తుంటే మీసాలయ్య ఒళ్లు నా వేళ్ల మధ్య జలదరించింది. ఒక వైపు ముల్లు తెగాక మెల్లగా బయటికి తీశాను. ఇద్దరూ బతికారు. పెదవి చిట్లినా దొరగారు దొరగారిలాగే ఉన్నారు. మీసాలయ్య చిన్న తొట్టిలో వదలగానే పెంకు వెనక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు మావారు ఊపిరి పీల్చుకున్నారు. "నువ్వే కదా అన్నావు, ఎక్కడైనా సర్దుకుపోతాడని."

"ఎక్కడని మీరు చెప్పలేదు."

"సర్దుకుపోవడమంటే మరేమిటి? ఇన్నాళ్లూ నువ్వూ ఆ మాటే కదా అన్నావు. ఇది సర్దుకుపోతుంది, అది సర్దుకుపోదు అని."

నిజమే, అన్నాను. మాట దగ్గర పొరపాటు జరిగి ఉంటుంది. ఒక మాటకి ఆయనకి ఒక అర్థం, నాకొక అర్థం. అలా అనుకుంటే ఎంతో సుఖంగా ఉండేది. అనుకోవడానికి సిద్ధపడ్డాను కూడా.

అత్తగారికి కొడుకు మాట పడటం నచ్చలేదు. ఆయన్ని వెనకేసుకొచ్చారు.

"వాడేం మొరటుగా చెయ్యలేదమ్మాయీ. వలకి చిక్కకపోతే, నీలాగే చెంచాతో కొట్టి పిలిచాడు. పిలవగానే పైకొచ్చేసింది, పిచ్చిది."

మావారు వల మళ్లీ చేతిలోకి తీసుకుని, దాన్నుంచి కారుతున్న నీళ్లు చూస్తూ అన్నారు, "కొత్తది వేసేముందు ఓ చిన్నదాన్ని వేసి చూడమన్నాడు చేపల షాపాయన. పోయినా ఫర్వాలేదనుకునే చేపని."

అనేశాక ఆ మాట ఆయనకీ వినిపించినట్టుంది. వల కింద పెట్టేశారు.

నేను కేకలు వెయ్యలేదు. దొరగారి గాయం మానేదాకా రోజూ సగం నీళ్లు మార్చాలని, అదీ బకెట్‌తోనే తోడాలని, గొట్టం పెడితే చేప బెదురుతుందని జంతుశాస్త్రం చెబుతోందన్నాను. ఏ పుస్తకంలో ఉందని ఆయన అడగలేదు. నడుము పట్టుకుని తోడుతున్నారు. కాసేపు నడుము వాలుద్దామంటే వాన, సోఫా లోపల, మేము బాల్కనీలో.

మీసాలయ్య తింటున్నాడు. నేను గదిలో లేనప్పుడు తింటున్నాడు. ఒక రెక్క ముల్లు లేక ఈత కొంచెం పక్కకి ఒరుగుతుంది, అదీ దూరం నుంచి చూసిందే. చెంచా శబ్దం వినిపిస్తే పెంకు వెనక ఇంకా లోపలికి జరుగుతాడు. ఆరోజు కొట్టింది నేను కాదని వాడికి చెప్పే దారి నాకు తెలియదు. నేను చదివిన పుస్తకాల్లో లేదు.

ఈ రోజు మధ్యాహ్నం కూడా అంచు మీద మెల్లగా టక్‌టక్‌మనిపించి చూశాను. పెంకు చివర ఒక మీసం కనబడింది. అది కూడా వెనక్కి వెళ్లిపోయింది.

అదే సమయానికి హాల్లోంచి మావారు పిలిచారు. పెళ్లయిన కొత్తలో పిలిచినట్టు, కాస్త సాగదీసి.

"ఏమోయ్... షాపుకి వెళ్దామా? ఏది సర్దుకుపోతుందో నువ్వే చూసి చెప్పాలి."

నేను చెంచా తుడిచి గిన్నెల మధ్య పెట్టాను. వంటింటి తలుపు వెనక, స్టవ్వుకీ గోడకీ మధ్య నిలబడ్డాను.

అత్తగారు కూరగాయలు తరుగుతూ తలెత్తారు. "పిలుస్తున్నాడమ్మాయీ."

"వినబడింది అత్తయ్యా," అన్నాను, కదలకుండా.